బడి బండి మోటారు

ఫిబ్రవరి 4

ఇంట్లో సొంతంగా బండి కట్టుకునేవాళ్లు రోజువారీ లాగ్ రాసి, చివర్లో వార్డు ఆఫీసులో ఇవ్వాలట. వాళ్లిచ్చిన పుస్తకంలో మూడు గడులున్నాయి: చేసిన పని, వాడిన సామాను, కనబడిన లోపం. గడులు చిన్నవి, నా చేతిరాత పెద్దది. గీతలు దాటితే ఆఫీసువాళ్లు మన్నించాలి.

నా పేరు జాహ్నవి. వయసు అరవై ఒకటి. మూడో నంబరు బాయిలో, అంటే పాత బొగ్గు గనిలో, నీళ్ల పంపులు చూసుకుంటాను. బొగ్గు తవ్వడం ఆగిపోయి, ఎండలు ఇంతగా ముదిరాక, ఊరు ఊరంతా ఈ బాయిలోకి దిగి కాపురం పెట్టింది. నేను ఒక్కపూట పంపులు ఆపితే కింది లెవెల్ వాళ్ల మంచాలు తేలతాయి. పైకి వెళ్లడానికి తెల్లవారింది మొదలు పదకొండున్నర సైరన్ దాకానే అనుమతి. సైరన్ తర్వాత పైన ఉండటం జరిగే పని కాదు.

బండి మా అన్న రుత్విక్‌ది. నాలుగు తలుపులు, గుండ్రటి దీపాలు, మా తాతల కాలం నాటి పెట్రోలు కారు. అన్న దాని ఇంజను విప్పి, ఇంకేదో పెడతానని కూర్చున్నాడు. పెట్టేలోగా జ్వరం వచ్చింది. ఆయన పోయి పదకొండేళ్లు. కారు బాయి మూతి దగ్గర ఒకప్పుడు పనివాళ్లకు దీపాలిచ్చిన దీపాల గదిలో తార్పాలిన్ కింద ఉంది.

ఈ రోజు చార్విక వదిన, అంటే అన్న భార్య, పంపు గదికి వచ్చింది.

"జాహ్నవీ, ఆ కారును నడిపిద్దామా?"

"ఏడికి?"

"ప్రాణహిత కాడికి. నది చూసి ఎన్నేండ్లయింది!"

"పల్లకి పిలుచుకొని పోరాదు?"

పల్లకీలంటే పిలిస్తే వచ్చే డ్రైవరు లేని బండ్లు. మనం పేరు చెబితే చాలు, వచ్చి తీసుకెళ్తాయి, కరెంటు స్తంభాలున్న రోడ్డు మీద మాత్రమే.

"పల్లకి సగం దూరమే పోతది. కరెంటు రోడ్డు ఆడికే అయిపాయె," అంది వదిన. "మార్చి ఇర్వై లోపల పోవాలె."

"గదేంది, నది పారిపోతదా?"

"ఎండుతది," అంది. అని నా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 7

మోటారు దొరికింది. మా ఆయన ఓజస్ పల్లకీల డిపోలో పనిచేస్తాడు. అక్కడి తుక్కు కుప్పలో పాత మోటారు ఒకటి పడి ఉంటే, ఎవరికీ అక్కర్లేదు తీసుకుపొమ్మన్నారట. తొంభై కిలోలు. మీద ఆకుపచ్చ రంగు. గీకితే కింద పసుపు రంగు వచ్చింది.

"దేనిదిది?" అని అడిగాను.

"ఏదో ఒక బండిది. తిరుగుతదా లేదా, గది చూసుకో," అన్నాడు ఓజస్.

ఫిబ్రవరి 13

చేసిన పని: చాలా.

చైన్ పుల్లీకి మోటారు వేలాడదీసి ఇంజను గుంతలోకి దించాం. వదిన గొలుసు లాగింది, నేను కింద పడుకొని "ఇంకింత, ఇంకింత, ఆగు, ఆగు అంటున్న గదా" అని అరిచాను. పాత ఇంజను కాళ్లు పెట్టే చోటు ఒకచోట, దీని కాళ్లు ఇంకోచోట. ఇనుప పట్టీలు కోసి కొత్త కాళ్లు వెల్డింగ్ చేశాను. మోటారును గేరుబాక్సుతో కలపడానికి పంపుకు వాడే కప్లింగ్ తెచ్చాను. దాని మధ్యలో ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. అదుర్లన్నీ అదే భరిస్తుంది. ముప్పై ఏళ్లుగా నేను నమ్ముకున్న సామాను అదొక్కటే.

కనబడిన లోపం: బానెట్ మూతపడలేదు. మోటారు మీద నల్లటి డబ్బా ఒకటి రెండంగుళాలు పైకి ఉంది. బానెట్‌కు బొక్క కోసి, పైన పాత పప్పు గిన్నె బోర్లించి బిగించాను. దూరం నుంచి చూస్తే కారుకు బొప్పి కట్టినట్టుంది. వదిన పది నిమిషాలు నవ్వింది. అన్న పోయాక వదిన అంతసేపు నవ్వడం నేను చూడలేదు.

ఫిబ్రవరి 18

బ్యాటరీలు డిక్కీలో పెట్టాం. మొదటి పరీక్ష.

వదిన స్టీరింగ్ ముందు కూర్చుని, దేవుణ్ణి తలుచుకుని, ఫస్ట్ గేరు వేసి తొక్కింది. కారు వెనక్కి వెళ్లింది. చాలా శ్రద్ధగా వెళ్లింది. బాయి మూతి దగ్గర ఆరబోసిన మిరపకాయల మీదుగా వెళ్లి ఆగింది.

మోటారుకు మూడు తీగలు. అందులో ఏ రెండింటిని మార్చి పెట్టినా అటు తిరిగేది ఇటు తిరుగుతుంది. మార్చాను. మిరపకాయలు ఎవరివో వాళ్లకు వదిన సైరన్ మోగేదాకా ఏరి ఇచ్చింది.

ఫిబ్రవరి 20

నల్ల డబ్బాకు కూడా కరెంటు ఇస్తే బలం పెరుగుతుందని ఓజస్ అన్నాడు. ఇచ్చాం.

డబ్బా మాట్లాడింది. ఆడగొంతు, మెత్తగా, పాఠం చెబుతున్నట్టు:

"శుభోదయం పిల్లలూ. మొత్తం తొమ్మిది మంది. బండిలో ఇద్దరున్నారు, కానీ వాళ్ల పేర్లు నా దగ్గర లేవు. మిగతావాళ్లు ఎక్కేదాకా ఆగుదాం. కిటికీలోంచి చేతులు బయట పెట్టకండి."

వదిన చేయి కిటికీలో ఉంది. చటుక్కున లోపలికి తీసుకుంది.

బడి బండి! బడి ఇంకా పైనే నడిచిన రోజుల్లో, పాతికేళ్ల కింద, పిల్లల్ని తిప్పిన బండి మోటారు ఇది. ఆ తొమ్మిది మంది ఎక్కితేగానీ కదలదు. డబ్బా పీకి అవతల పడేద్దామన్నాను.

"బుర్ర, బలం ఒక్క డబ్బలనే ఉన్నయి. ఇప్పుడు దానికి మెలకువ వచ్చింది. బుర్ర తీస్తె ఉత్త ఇనుపముద్ద," అన్నాడు ఓజస్.

"మరి నిన్న మొన్న నడిచింది గదా!"

"అది నిద్రల నడిచింది."

నలభై ఏళ్ల కాపురంలో ఈయన నాకు ఉపయోగపడే మాట ముందుగా చెప్పింది ఒక్కసారీ లేదు. గడిలో రాసుకోండి.

ఫిబ్రవరి 24

సీట్లలో తొమ్మిది గుమ్మడికాయలు పెట్టి బెల్టులు కట్టాం. ఐదుగురు పట్టే కారులో తొమ్మిది గుమ్మడికాయలు. బరువు తెలిసి మోసపోతుందని నా ఆలోచన.

మోటారు సీటు సీటుకూ బరువు చూసుకుంది. తర్వాత అడిగింది: "పిల్లలు ఇంత నిశ్శబ్దంగా ఉన్నారేం? ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

హాజరు పిలిచింది. నేను గొంతు మార్చి ఒక్కొక్కరికీ "హాజర్" అన్నాను. మూడు పేర్లు గడిచాయి. నాలుగో దానికి ఆగింది. "రేయాంశ్, జలుబు చేసిందా నాన్నా? ఇంటికి వెళ్లి పడుకో." ఇక ఎంత బతిమాలినా పేరు పిలవలేదు.

ఇక వారం రోజులు గుమ్మడికాయ పులుసే తినాలి.

ఫిబ్రవరి 27

ఈ రోజు కారు పని లేదు. అయినా రాస్తున్నాను.

ప్రాణహిత ఒడ్డున నీటిమట్టం కొలిచే స్టేషను ఒకటుంది. రోజూ పొద్దున ఆరింటికి అక్కడి మనిషి రేడియోలో మట్టం చెబుతాడు, వదిన రాసుకుంటుంది, దాన్నిబట్టి నేను పంపులు తిప్పుతాను. తొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి. నిన్నటి నుంచి వదినకు గొంతు పట్టేసింది, ఈ రోజు లేవలేదు. రేడియో దగ్గరికి నేను వెళ్లాను. మీట నొక్కగానే మగగొంతు:

"చారూ! గొంతు ఎట్లున్నది? అల్లం రసం తాగినవా? రాత్రంత నీ మీదనే పాణం."

చారు! మా అన్న కూడా ఆమెను చార్విక అనే పిలిచేవాడు.

"మట్టం చెప్పు," అన్నాను.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత పోలీసు ముందు నిలబడ్డట్టు గడగడా చెప్పాడు: "ఒకటి పాయింట్ నాలుగు మీటర్లు అమ్మా. నమస్తే అమ్మా. నిహాల్‌ని అమ్మా."

మార్చి ఇరవయ్యో తారీఖు స్టేషను మూసేస్తున్నారట. ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్లే బోటే ఆఖరుది. ఆ తర్వాత నదిలో బోటు నడిచేంత నీళ్లుండవు. నిహాల్ అనే ఈయన దాంట్లో సముద్రం వైపు వెళ్లిపోతాడు. ఇదంతా నేను అడిగితే ఆయనే చెప్పాడు.

మా అన్న కారు. నా వెల్డింగ్. నా కప్లింగ్.

మార్చి 5

చేసిన పని: లేదు. వాడిన సామాను: లేదు. కనబడిన లోపం: వార్డు ఆఫీసుకు సంబంధించింది కాదు.

మార్చి 6

వదిన పంపు గదికి వచ్చి నా ఎదురుగా పీపా మీద కూర్చుంది. పంపుల చప్పుడులో గట్టిగా మాట్లాడాలి, లేకపోతే వినబడదు. ఇలాంటి మాటలకు అది మంచి చోటు కాదు.

"ఏం అడుగుతవో అడుగు," అని అరిచింది.

"అడిగేదేమున్నది!" అని నేనూ అరిచాను. "నది చూస్త అంటివి!"

"నది కూడ చూస్త!"

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఒక పంపు ఆపాను. వదిన గొంతు తగ్గించింది.

"మీ అన్న ఉన్నప్పుడు ఈయన తోటి ఒక్క ముచ్చట లేదు జాహ్నవీ. ఆయన పోయిన రెండేండ్లకు నాకీ పని ఇచ్చిన్రు. మట్టం చెప్తడు, రాసుకున్నవా అంటడు, గంతే. ఒకరోజు మట్టం చెప్పినంక, తిన్నవా అన్నడు. అప్పటికి రెండేండ్లాయె నన్ను ఎవరన్న ఆ మాట అడగక."

"నేను రోజు కూర తెచ్చి పెట్టలేదా?"

"తెచ్చినవ్. గిన్నె గడప మీద పెట్టి పోతుంటివి. నా మొకం చూస్తె నీకు మీ అన్న గుర్తుకొస్తుండె. నాకు తెలుసు. నేనేమన్లే."

 అది నిజం. రెండేళ్లు ఒక్కరోజు తప్పకుండా గిన్నె పెట్టాను. ఒక్కరోజు కూడా లోపలికి వెళ్లి కూర్చోలేదు.

"ఆయన మొకం కూడ నేను చూడలే," అంది వదిన. "పోయే ముంగట ఒక్కసారి చూస్త. నీకు ఇష్టం లేకుంటె కారు మల్ల కప్పేద్దాం. మీ అన్న కారు, నువ్వు చెల్లెవు."

పంపు మళ్లీ ఆన్ చేశాను. కింద వాళ్ల మంచాలు గుర్తొచ్చి.

మార్చి 7

పొద్దున దీపాల గదికి వెళ్లాను. వదిన అప్పటికే అక్కడుంది.  నాకు కోపం పోలేదు. బోల్టులు మాత్రం బిగించాను.

మార్చి 9

మోటారు నోట విన్న నాలుగు పేర్లలో ఒకాయన ఈ బాయిలోనే ఉన్నాడు. ఆ జలుబు చేసిన రేయాంశే. మొదటి లెవెల్లో రొట్టెల బట్టీ నడుపుతాడు. ముప్పై నాలుగేళ్లు, క్వింటాలు బరువు, గడ్డం. విషయం చెబితే పగలబడి నవ్వుతూ వచ్చాడు. కారులో కూర్చోగానే కారు ఓ పక్కకు ఒరిగింది.

"హాజర్," అన్నాడు నవ్వుతూనే.

"రేయాంశ్!" అంది మోటారు. "జలుబు తగ్గిందా? ఇవాళ కూడా టిఫిన్ డబ్బా మరిచిపోయావా నాన్నా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. కాసేపు స్టీరింగ్ వైపే చూశాడు. "రోజు మర్చిపోతుంటి," అన్నాడు. "మా అమ్మ బండి ఎనుక ఉరికొస్తుండె."

మిగతా ఎనిమిది మందిలో ఆరుగురు ఊళ్లు వదిలి వెళ్లారట. ఇద్దరు ఎక్కడున్నారో తెలియదట. ఇక కారు కప్పేయడమేనని నేను పానా కింద పెట్టేశాను. అప్పుడు రేయాంశ్ అన్నాడు:

"అందరు ఎన్నడొచ్చిన్రు అక్కా? రోజు ఎవరో ఒకరు ఎగ్గొడుతుండె. బండిల రజిత ఆయమ్మ ఉంటుండె. 'వాడు రాలే, నువ్వు పో' అంటె పోతుండె ఇది. ఆయమ్మ మాటంటె దీనికి భయం."

"ఆయమ్మ ఉన్నదా?"

"ఉన్నది. రెండో లెవెల్. రోజు నా కాడ రొట్టె కొని, మాడిందని వాపస్ ఇస్తది."

మార్చి 10

రజిత ఆయమ్మకు ఎనభై రెండేళ్లు. నా భుజం దాకా కూడా రాదు. కర్రతో కారు చుట్టూ ఒకసారి తిరిగింది. బానెట్ మీది గిన్నెను కర్రతో కొట్టి, "ఇదేంది, పప్పు గిన్నెనా?" అంది. ముందు సీట్లో కూర్చుంది.

"రజిత ఆయమ్మా," అంది మోటారు. ఆ గొంతులో మొదటిసారి తడబాటు విన్నాను. యంత్రాలకు అది ఉండదంటారు, నేను విన్నాను. "చాలా రోజులకు వచ్చారు."

"నువ్వే రాలే. నేను ఈడనే ఉన్న. పిలువు."

మోటారు తొమ్మిది పేర్లు పిలిచింది. ఆయమ్మ తొమ్మిదిసార్లు "రాలే" అంది.

"ఎవరూ రాలేదా?"

"ఇయ్యాల బడికి సెలవు."

"సెలవైతే బండి ఎందుకు తీస్తున్నాం?"

"పిక్నిక్కు. కొత్త పిల్లలున్నరు ఇద్దరు. రాసుకో. జాహ్నవి. చార్విక. ఎక్కువ మాట్లాడకు, పో."

కారు ముందుకు కదిలింది. ముందుకే! దీపాల గది చుట్టూ మూడుసార్లు తిరిగాం. వదిన నా చేయి గట్టిగా పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.

కనబడిన లోపం: ముప్పై కిలోమీటర్ల వేగం దాటదు. పిల్లలున్నారు కదా అంటుంది. ఆయమ్మ చెప్పినా వినని మాట ఇదొక్కటే.

మార్చి 20

నది యాభై రెండు కిలోమీటర్లు. ముప్పై వేగం. రోడ్డు సగం దాటాక రోడ్డు కాదు. అంత దూరానికి బ్యాటరీలు నిండేసరికి ఇవాళే అయింది, పంపులు ఓజస్‌కు అప్పజెప్పి పొద్దున ఐదూ ముప్పావుకు బయలుదేరాం. నేను స్టీరింగ్, పక్కన ఆయమ్మ, వెనక వదిన. వదిన ఆకుపచ్చ చీర కట్టింది. బాగుందని చెప్పాలనుకుని చెప్పలేదు. ఆయమ్మ చెప్పేసింది.

కరెంటు రోడ్డు చివరి స్తంభం దాటాక అంతా ఎండు తుమ్మలు, ఇసుక. నలభయ్యో కిలోమీటరు దగ్గర పెద్ద గుంత. కింద నుంచి ఫట్‌మని చప్పుడు. మోటారు తిరుగుతోంది, చక్రాలు తిరగడం లేదు. బానెట్ ఎత్తి చూశాను. నేను నమ్ముకున్న కప్లింగ్‌లో రబ్బరు పట్టీ రెండు ముక్కలైంది.

టైమ్ ఏడూ నలభై.

వదిన కారు దిగి, రోడ్డు చూసి, ఎండ చూసి, మెల్లగా అంది: "వాపస్ పోదాం జాహ్నవీ. రాసి లేదు అనుకుంట. సైరన్ లోపల ఇల్లు చేరాలె గదా."

రెండు వారాల కిందట ఈ మాట అని ఉంటే నాకు సంతోషంగా ఉండేదేమో. ఇప్పుడు ఎందుకో ఒళ్లు మండింది.

"నోరు మూసుకొని పానా పట్టుకో," అన్నాను.

వెంట తెచ్చిన పంపు సామాన్ల పెట్టెలో ఇంకో పట్టీ ఉంది. ఇంట్లో అయితే బల్ల మీద పెట్టుకొని తీరిగ్గా అరగంట చేసే పని. ఇసుకలో పడుకొని చేశాను. వదిన చీర కొంగు నడుముకు చుట్టి, కప్లింగ్ కదలకుండా పట్టుకుంది. మోచేతుల దాకా గ్రీజు. ఆయమ్మ మా ఇద్దరి మీదా గొడుగు పట్టి, మేం ఎంత నెమ్మదిగా చేస్తున్నామో చెబుతూ నిలబడింది. పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

మేం గట్టు ఎక్కేసరికి ఎనిమిదీ నలభై. నది కనబడింది. నా చిన్నప్పుడు చూసిన నదిలో మూడో వంతు కూడా లేదు. మధ్యలో బోటు వెళ్తోంది. చిన్నదైపోయింది అప్పటికే.

 వదిన అద్దంలోంచి బోటు వైపే చూస్తోంది. "కారు బాగ నడిచింది," అంది కాసేపటికి. "మీ అన్న చూస్తె సంతోషపడుతుండె."

"అదెవరే?" అంది ఆయమ్మ.

స్టేషను మెట్ల మీద ఒకాయన నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, సన్నగా, కొంచెం వంగి. చేతిలో టిఫిన్ డబ్బా. మమ్మల్ని చూసి గబగబా వచ్చి కారుకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఎవరో తెలియదు కదా ఆయనకు. గొంతు ఒక్కటే తెలుసు.  తొమ్మిదేళ్లు రోజూ మాట్లాడిన వదినేమో తలుపు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది.

"దిగు పిల్లా," అంది ఆయమ్మ.

వదిన దిగింది. గ్రీజు చేతులు వెనక దాచుకుంది. చివరికి నోటికొచ్చిన మాట: "మట్టమెంత?"

ఆయన ముఖమంతా వెలిగింది. "తొంభై సెంటీమీటర్లు," అన్నాడు. "తిన్నవా?"

"లేదు."

"నేను కూడ తినలే."

వదిన బోటు వైపు చూసింది. "నువ్వు ఎక్కలే?"

"పెట్టె ఎక్కింది. నేను ఎక్కలే."

"ఏం?"

"వస్త అన్నవ్ గదా," అన్నాడు, అడిగేంత విషయం అందులో ఏముందన్నట్టు.

నేను బానెట్ ఎత్తి అందులో తల పెట్టుకున్నాను. కప్లింగ్ బాగానే ఉంది. చూడాల్సిన దానికంటే ఎక్కువసేపు చూశాను.

మెట్ల మీద కూర్చుని నలుగురం ఆయన డబ్బాలోని అటుకులు తిన్నాం. పల్చగా వచ్చాయి ఒక్కొక్కరికి. తొమ్మిది దాటక ముందే తిరిగి బయలుదేరాం. ఆయమ్మ ఇంకో పేరు రాసుకొమ్మంది, మోటారు రాసుకుంది. వెనక సీట్లో ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. రేడియో లేకుండా ఎలా మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియడం లేదు. పదో కిలోమీటరు దగ్గర మొదలుపెట్టారు. ఇక బాయి మూతి దాకా ఆపలేదు. సైరన్ మోగేసరికి దీపాల గదిలో తార్పాలిన్ కప్పుతున్నాను.

మార్చి 21

నిహాల్‌కు వార్డు అతిథి గదిలో చోటు ఇచ్చారు. ఆయన పెట్టె సముద్రం వైపు వెళ్లింది, ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒంటి మీద ఉన్న అంగీ తప్ప ఇంకోటి లేదు. పొద్దున వదిన మా గడపలో నిలబడి, ఏదో అడగబోయి, అడగకుండా వేరే మాట మాట్లాడింది. లోపలికి రమ్మన్నాను. టీ పెట్టాను. అరగంట కూర్చుంది.

ఆమె వెళ్లాక నేను దాచుకున్న పెట్టె తెరిచాను. రుత్విక్ అన్న అంగీలు ఏడు ఉన్నాయి అందులో, మడత పెట్టి. నీలం గళ్లది చేతిలోకి తీసుకున్నాను. నిహాల్‌కు సరిపోతుంది, ఇద్దరిదీ ఒకటే పొడుగు. చాలాసేపు పట్టుకున్నాను. తర్వాత మళ్లీ మడత పెట్టి, పెట్టె మూసేశాను. ఇవ్వలేకపోయాను. ఇంకోరోజు ఇవ్వగలనేమో.

ఓజస్ అంగీలు రెండు తీసుకెళ్లి ఇచ్చాను. చేతులు మోచేయి దాటి రాలేదు ఆయనకు. సాయంత్రం అందులో ఒకటి తొడుక్కుని, వదినతో కలిసి మా ఇంటికి టీకి వచ్చాడు. ఓజస్ ఆయన పక్కనే కూర్చుని గంటసేపు మోటార్ల గురించి మాట్లాడాడు. అంగీ చాలా బాగుందని, ఎక్కడ కుట్టించారని కూడా అడిగాడు.